ఏ మందు పడలేదో తేలేదాకా

"ఇంజెక్షన్ వికటించి మహిళ మృతి" లాంటి వార్త జిల్లా పేజీలో కనిపించినప్పుడల్లా నాకిప్పుడు ఒకటే ప్రశ్న వస్తుంది, ఏ ఇంజెక్షన్? ఆ వార్తల్లో మందు పేరు దాదాపుగా ఉండదు. బతికి బయటపడ్డవాళ్ల కాగితాల్లో కూడా చాలాసార్లు ఉండదు, ఉన్నా అది సరైన పేరే అన్న గ్యారంటీ లేదు. గాల్ బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అని చేరిన నాకు, థియేటర్‌కి తీసుకెళ్లక ముందే వార్డు మంచం మీద ఒళ్లంతా రియాక్షన్ వచ్చి బీపీ పడిపోయింది. దీన్నే డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు. నన్ను బతికించినవాళ్లు చక్కగానే బతికించారు. ఆ తర్వాత ఏ మందు వల్ల అలా అయిందో తేల్చుకోవడానికి నేను ఏం చేశానో, ఎవరెవరు ఏం చెప్పారో రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా "ఫలానా మందు పడదు" అని ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటే మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

మాది రాజమండ్రి. ముందు రోజు రాత్రే ఆసుపత్రిలో చేరాను. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి టెస్ట్ డోస్ చేశారు. ముంజేతి చర్మంలోకి కొంచెం ఎక్కించి, చుట్టూ పెన్నుతో గీత గీసి, కాసేపాగి వచ్చి చూసి ఏమీ లేదన్నారు. పొద్దున చిన్న సెలైన్ బాటిల్లో ఆ యాంటీబయాటిక్ కలిపి పెట్టారు. అది పూర్తిగా అయిపోయాక సిస్టర్ వచ్చి క్యాన్యులాలో, అంటే చేతి నరానికి పెట్టి ఉంచిన సూది గొట్టంలో, గ్యాస్ ఇంజెక్షన్, అంటే పాంటోప్రజోల్ ఇచ్చింది, వెంటనే వాంతులు రాకుండా ఒండాన్‌సెట్రాన్ ఇచ్చింది. ట్రే సర్దుకుంటూ ఉంది, ఇంకా మంచం దగ్గరే ఉంది.

మొదట అరచేతులు, అరికాళ్లు. దురద అనాలో మంట అనాలో తెలియదు, గోళ్లతో రక్కుకోవాలనిపించేంత. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. తర్వాత కడుపులో మెలిపెట్టి బాత్రూమ్‌కి వెళ్లాలనిపించింది, గొంతు బిగుసుకుంది, చెవుల్లో హోరు. వీటన్నిటికంటే ముందు, కారణం లేకుండా, నేను చచ్చిపోతున్నాను అన్న భయం పట్టుకుంది. అది కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని, పేషెంట్ అలా అంటే టెన్షన్ పడుతోందిలే అని కొట్టిపారేయకూడదని తర్వాత మత్తు డాక్టర్ గారు చెప్పారు. "సిస్టర్, ఏదో అయిపోతోందండి" అన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసింది, సెలైన్ గొట్టం చక్రం తిప్పి ఆపేసింది, బెల్లు నొక్కి, నన్ను వదిలి వెళ్లకుండా అక్కడి నుంచే డ్యూటీ డాక్టర్‌ని కేకేసింది.

ఊపిరాడక ఆయాసపడుతున్నానని మా ఆయన నా వీపు కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టబోయారు. డ్యూటీ డాక్టర్ గుమ్మంలోంచే "లేపొద్దు, లేపొద్దండీ, పడుకోబెట్టండి" అని అరిచారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టారు. దీనికి కారణం తర్వాత తెలుసుకున్నాను. ఈ రియాక్షన్‌లో రక్తనాళాలు వదులై, వాటిలోని ద్రవం ఒంట్లోకి కారిపోతుంది, పది నిమిషాల్లోనే మూడో వంతు దాకా పోవచ్చట. అలాంటప్పుడు మనిషిని ఒక్కసారిగా కూర్చోబెట్టినా నిలబెట్టినా గుండెకి తిరిగి వచ్చే రక్తం చాలక అక్కడికక్కడే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి. మరీ ఊపిరాడనివాళ్లని కాళ్లు చాపి కొద్దిగా పైకి ఆనించి కూర్చోబెడతారు గానీ, నడిపించడం, బాత్రూమ్‌కి పంపడం మాత్రం అసలు చేయకూడదు. కడుపు మెలిపెట్టి బాత్రూమ్‌కి పోవాలనిపించడం కూడా ఈ రియాక్షన్‌లో భాగమే కాబట్టి ఇది ఇంట్లోవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

బీపీ 70/40 అన్నారు. తొడకి బయటివైపు, కండలోకి ఒక ఇంజెక్షన్ పొడిచారు. అదే అడ్రినలిన్. పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము, అంటే మామూలు ఆంపుల్లో సగం. పిల్లలకి బరువును బట్టి, కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున. ఐదు నిమిషాలు చూసి, బీపీ ఇంకా లేవలేదని రెండోది ఇచ్చారు. ఆక్సిజన్ మాస్క్ పెట్టి, రెండో చేతికి కూడా లైన్ వేసి సెలైన్ ధారగా ఎక్కించారు. అడ్రినలిన్ పనిచేయడం మొదలుపెడితే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, తలనొప్పి వస్తుంది. అది చూసి భయపడొద్దు. నాకు రెండో ఇంజెక్షన్ తర్వాత గొంతు విచ్చుకుంటున్నట్టు, గాలి లోపలికి దిగుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. అలర్జీకి వాడే అవిల్, స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ ఆ తర్వాత ఇచ్చారు.

ఈ వరస గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన వైపు రియాక్షన్ అనగానే చాలామంది చేయి మొదట అవిల్, హైడ్రోకార్ట్ మీదికే వెళ్తుంది. అడ్రినలిన్ అంటే గుండెకి ప్రమాదం అని ఒక భయం పాతుకుపోయి ఉంది. అవిల్ దురదకీ దద్దుర్లకీ పనికొస్తుంది, పడిపోతున్న బీపీని లేపదు, మూసుకుపోతున్న గొంతుని తెరవదు. హైడ్రోకార్టిసోన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. వదులైన రక్తనాళాల్ని బిగించి, ఊపిరి గొట్టాల్ని విప్పి, ఈ రియాక్షన్ తెచ్చే రసాయనాలు ఒంట్లో ఇంకా ఇంకా విడుదల కాకుండా ఆపే పని నిమిషాల్లో చేసేది అడ్రినలిన్ ఒక్కటే, అదీ తొడ కండలోకి ఇస్తే. నరంలోకి ఇచ్చే పద్ధతి వేరు, అది మానిటర్ పెట్టుకుని అలవాటున్న డాక్టర్లు చేసే పని, గుండెకి ఇబ్బంది చేసిన సందర్భాలు ఎక్కువగా అక్కడే వస్తాయి. చాలా తక్కువ ఖరీదు చేసే మందు ఇది, ప్రతి వార్డులో ఎమర్జెన్సీ ట్రేలో ఉంటుంది, ఉండాలి. ఆలస్యం అయ్యేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఆ డ్యూటీ డాక్టర్‌కి వయసు పాతికేళ్లు దాటి ఉండవు, ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆపరేషన్ వాయిదా వేసి ఐసీయూకి మార్చారు. తగ్గాక కూడా మళ్లీ మందు ఇవ్వకుండానే కొన్ని గంటల తర్వాత రెండోసారి రావచ్చు కాబట్టి గమనిస్తూ ఉండాలన్నారు. నాకు రాత్రికి దద్దుర్లు మళ్లీ తేలాయి గానీ బీపీ నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నం లోపే మత్తు డాక్టర్ గారు వచ్చి ఒక పని చేశారు, అది నాకు తర్వాత ఎంతో పనికొచ్చింది. ట్రిప్టేస్ అనే పరీక్షకి రక్తం తీయించారు. మన ఒంట్లో మాస్ట్ కణాలని ఉంటాయి, అలర్జీలో అవి పగిలినట్టై హిస్టమిన్‌తో పాటు ఈ ట్రిప్టేస్‌ని కూడా రక్తంలోకి వదులుతాయి. రియాక్షన్ వచ్చాక ఒకటి రెండు గంటల్లో, మరీ ఆలస్యమైతే నాలుగు గంటల్లోపు తీయాలి, ఆ తర్వాత ఒక రోజు గడిచాక ఇంకోసారి తీసి పోల్చాలి. నాకు మొదటిది 24, రెండోది 5 వచ్చింది. రెండోదాన్ని 1.2తో హెచ్చించి 2 కలిపితే ఎంతో, మొదటిది అంతకు మించి ఉంటే మాస్ట్ కణాలు పనిచేశాయని అర్థం. నా లెక్కలో 8 దాటితే చాలు. అంటే ఇది భయంతో కళ్లు తిరగడం కాదు, నిజమైన అనాఫిలాక్సిసే అని కాగితం మీద తేలింది. ఈ పరీక్ష మామూలుగా వచ్చినా అలర్జీ కాదని చెప్పలేమని కూడా డాక్టర్ గారు చెప్పారు.

డిశ్చార్జి సమ్మరీలో "సెఫ్ట్రియాక్సోన్ అలర్జీ" అని రాశారు. ఎవరైనా అలాగే అనుకుంటారు, ఎక్కించిన మూడింటిలో యాంటీబయాటిక్ అదొక్కటే. మత్తు డాక్టర్ గారు మాత్రం నన్ను డిశ్చార్జి రోజు కూర్చోబెట్టి, "ఏమ్మా, మూడు మందులు వెళ్లాయి కదా, ఏదో తేలకుండా నేను మళ్లీ మీకు మత్తు ఇవ్వను. అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో ఆ చార్ట్ పట్టుకెళ్లండి" అన్నారు. ఆసుపత్రిలో మనిషికి తగిలేవి ఇంజెక్షన్లే కాదని కూడా ఆయనే చెప్పారు. చర్మానికి పూసే క్లోర్‌హెక్సిడిన్, రబ్బరు గ్లవుజుల్లోని లేటెక్స్, సీటీ స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్, నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, రక్తం, ఐరన్ ఇంజెక్షన్, మత్తులో కండరాలు వదులు చేసే మందులు, అన్నీ అనుమానితులే. బ్రిటన్‌లో ఆపరేషన్ల సమయంలో వచ్చే ఈ రియాక్షన్ల మీద 2018లో ఒక పెద్ద జాతీయ నివేదిక వచ్చింది, అందులో కారణం తేలిన కేసుల్లో దాదాపు సగం యాంటీబయాటిక్స్, మూడో వంతు కండరాలు వదులు చేసే మందులు, 9 శాతం క్లోర్‌హెక్సిడిన్. మత్తులో ఉన్నవాళ్లు దురద అని చెప్పలేరు, దుప్పట్ల కింద దద్దుర్లు కనపడవు, చాలాసార్లు ఉన్నట్టుండి బీపీ పడిపోవడమే మొదటి గుర్తు. నాకు మెలకువలో ఉండగా రావడం ఒక రకంగా అదృష్టం.

చార్ట్ జిరాక్స్ అడిగితే మెడికల్ రికార్డ్స్ దగ్గర మొదట సమ్మరీ ఉంది కదా, అది చాలు అన్నారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంట్ గానీ, తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అదే విషయం తెల్ల కాగితం మీద రాసి ఇచ్చాం, గొడవ లేకుండా ఇచ్చేశారు. ఆ ఒక్క పేజీ, సిస్టర్ చేతిరాతతో, మందు పేరు, టైము, సంతకం. నా కథ మొత్తం ఆ పేజీ మీదే నడిచింది.

రియాక్షన్ తర్వాత కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, అప్పటిదాకా మాస్ట్ కణాలు అలిసిపోయి ఉండి పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు. వారం ముందు నుంచి సెట్రిజిన్, అవిల్ లాంటివి, జలుబు మాత్రల్లో కలిసుండేవి కూడా ఆపేయాలి. అలా ఆగి హైదరాబాద్‌లో మందుల అలర్జీ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఈ పరీక్షలు చేసేచోట్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువ, దుమ్ము, పుప్పొడి అలర్జీ చూసేవాళ్లందరూ మందులకి చేయరు, ఫోన్ చేసి కనుక్కునే వెళ్లాలి.

ఆవిడ సూదులు తీయలేదు. చాలాసేపు ప్రశ్నలే అడిగారు. చార్ట్ చూసి, "యాంటీబయాటిక్ ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉన్నారా?" బాగానే ఉన్నానండి. "అది అయిపోయాక ఎంతసేపటికి మొదలైంది?" సిస్టర్ ట్రే సర్దేలోపు. "బీపీకి మెటోప్రొలాల్ లాంటివి వాడతారా?" ఆ మాత్రలు వాడేవాళ్లకి అడ్రినలిన్ సరిగ్గా అందదట, అప్పుడు గ్లూకగాన్ అనే వేరే మందు కావాల్సి వస్తుంది. వాడనన్నాను. "అంతకుముందు ఎప్పుడైనా ఒళ్లు దద్దుర్లు వచ్చాయా?" అవును, ఒక పెళ్లి భోజనంలో రొయ్యల వేపుడు తిన్నాక వచ్చాయి, అప్పటి నుంచి ఇంట్లో అందరూ నాకు రొయ్యలు పడవనే అంటారు. "ఆ తర్వాత రొయ్యలు తిన్నారా?" తిన్నానండి, మా అత్తగారింట్లో పులుసులో తెలియక తిన్నాను, ఏమీ కాలేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఆ పెళ్లి రోజు ఇంకేం వేసుకున్నారు?" అన్నారు. నేను ఆలోచిస్తుంటే మా ఆయన అందుకున్నారు, "కారాలు తింటానని ముందే గ్యాస్ మాత్ర వేసుకుందండి."

అప్పుడు పరీక్ష. ముంజేతి మీద వరసగా చుక్కలు, ప్రతి చుక్క మీద సన్నటి సూదితో పైపైన గుచ్చడం. హిస్టమిన్ చుక్క ఒకటి, ఉత్త సెలైన్ చుక్క ఒకటి కూడా పెడతారు, మొదటిది ఉబ్బాలి, రెండోది ఉబ్బకూడదు, అప్పుడే మిగతావి నమ్మాలి. సెఫ్ట్రియాక్సోన్, ఒండాన్‌సెట్రాన్, పాంటోప్రజోల్, క్లోర్‌హెక్సిడిన్, లేటెక్స్. పావుగంట, ఇరవై నిమిషాలు చూశారు, హిస్టమిన్ తప్ప ఏదీ ఉబ్బలేదు. తర్వాత బాగా పలచన చేసిన మందుని చర్మంలోకి ఎక్కించే రెండో పరీక్ష. సెఫ్ట్రియాక్సోన్ బుడగ పెట్టినంతే ఉంది, కాసేపటికి అణిగిపోయింది. పాంటోప్రజోల్ బుడగ నా కళ్ల ముందే అంచులు సాగి, చుట్టూ ఎర్రబడి, రూపాయి బిళ్లంత అయింది. గీకాలనిపించే దురద. నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. రోజూ ఎంతమంది పరగడుపున మింగే మాత్ర అది, మా ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన ఉండే మాత్ర అది.

డాక్టర్ గారు అక్కడితో వదల్లేదు. చర్మ పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన సెఫ్ట్రియాక్సోన్‌ని నిర్దోషి అనలేం కాబట్టి ఇంకో రోజు ఆసుపత్రిలో, అడ్రినలిన్ పక్కనే పెట్టుకుని, మొదట పదో వంతు, గమనించి, తర్వాత మిగతాది ఇచ్చి చూశారు. ఏమీ కాలేదు. నా పేరు మీద ఉన్న సెఫ్ట్రియాక్సోన్ అలర్జీని కొట్టేసి, పాంటోప్రజోల్ పేరు రాసి, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి ఆ కుటుంబం మందులన్నీ మళ్లీ పరీక్ష చేస్తే తప్ప వాడొద్దని, గ్యాస్‌కి అవసరమైతే ఫామోటిడిన్ వాడమని ఉత్తరం ఇచ్చారు. రొయ్యల గురించి కూడా ఒక మాట చెప్పారు. రొయ్యలు పడనివాళ్లకి సీటీ స్కాన్ కాంట్రాస్ట్ పడదు, రెండింట్లోనూ అయోడిన్ ఉంటుంది అని చాలామంది నమ్ముతారు. రొయ్యల అలర్జీ వాటి మాంసంలోని ప్రొటీన్ వల్ల వచ్చేది, అయోడిన్‌కి దానికి సంబంధం లేదు.

ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఉంది. ఆ సమ్మరీ పట్టుకుని నేను వేరే ఊళ్లో ఆపరేషన్‌కి వెళ్లి ఉంటే ఏమయ్యేది? సెఫ్ట్రియాక్సోన్ ఆపేసి, వేరే యాంటీబయాటిక్ పెట్టి, అందరికీ ఇచ్చినట్టే గ్యాస్ ఇంజెక్షన్ మళ్లీ నరంలోకి ఇచ్చేవాళ్లు. ఈసారి నేను మత్తులో ఉండేదాన్ని. తప్పు పేరు రాయడం అంటే అసలు మందుకి తలుపు తెరిచి పెట్టడమే. ఇంకో వైపు నష్టం కూడా ఉంది. పెన్సిలిన్ పడదు అని ముద్ర పడ్డవాళ్లని పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఏ ఇబ్బందీ లేకుండా వాడగలరని తేలుతోంది, చిన్నప్పుడు వైరస్ జ్వరంతో వచ్చిన దద్దుర్లో, కడుపులో తిప్పడమో అలర్జీ అని రాసేసి ఉంటారు. మా నాన్నగారికీ అలాంటి ముద్రే ఉంది, నలభై ఏళ్ల కిందటిది, ఎవరు ఎందుకు చెప్పారో ఆయనకే గుర్తు లేదు. ఇప్పుడు ఆయన్నీ పరీక్షకి తీసుకెళ్లబోతున్నాం. టెస్ట్ డోస్ గురించి కూడా అదే మాట, అందులో ఏమీ రాలేదంటే రాదని కాదు, పైగా టెస్ట్ డోస్ చేసేది ఎక్కువగా యాంటీబయాటిక్‌కే, గ్యాస్ ఇంజెక్షన్‌కి ఎవరూ చేయరు.

ఇలాంటివి జరిగినప్పుడు దేశంలో నమోదు చేసే వ్యవస్థ ఒకటుంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది, 2010 నుంచి ఉంది. 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, పేషెంట్లే నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. మేం నింపి పంపాం. ఎవరి మీదా ఫిర్యాదు కాదది, మందు మీద సమాచారం.

చివరికి అదే ఆసుపత్రిలో, అదే మత్తు డాక్టర్ గారితో ఆపరేషన్ చేయించుకున్నాను. కేస్ షీట్ మొదటి పేజీ మీద ఆయనే ఎర్ర అక్షరాలతో రాశారు, చేతికి ఎర్ర పట్టీ వేయించారు. సెఫ్ట్రియాక్సోనే ఇచ్చారు, హాయిగా జరిగిపోయింది. అయినా సాయంత్రం వార్డులో కొత్తగా డ్యూటీకి వచ్చిన సిస్టర్ ట్రే తెచ్చింది, అందులో గ్యాస్ ఇంజెక్షన్ ఉంది. ఆపరేషన్ అయినవాళ్లందరికీ ఒకే మందుల పట్టీ అచ్చు వేసి ఉంటుంది, అందులోంచి వచ్చేసింది. ఆ అమ్మాయి నా చేతి పట్టీ చూసి, "మీకేం పడదండి?" అని అడిగి, పేరు వినగానే ఆ సిరంజి పక్కన పెట్టి, వెళ్లి ఆ మందుల పట్టీలో ఆ వరసే కొట్టేయించి వచ్చింది. అలా అడిగే సిస్టర్లు ఉన్నారు కాబట్టే నాలాంటివాళ్లు ఇళ్లకి వెళ్తున్నారు.

ఇప్పుడు నాకు పెద్ద పని మందుల షాపులో. నొప్పి మాత్ర ఏది రాసినా పక్కన గ్యాస్ మాత్ర రాస్తారు, కొన్నిట్లో రెండూ ఒకే క్యాప్సూల్‌లో కలిపి ఉంటాయి, పైన కంపెనీ పెట్టిన పేరు ఒకటి, లోపల మందు ఇంకొకటి. కాబట్టి బ్రాండు పేరు నమ్మకుండా స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో మందు పేరు చదువుతాను, "ప్రజోల్" అని ముగిసేది ఏది కనపడినా తిరిగి ఇచ్చేస్తాను. డాక్టర్ గారి ఉత్తరం ఫొటో మా ఆయన ఫోన్లో, పిల్లల ఫోన్లలో, మా తమ్ముడి ఫోన్లో ఉంది, స్పృహ లేకుండా చేరాల్సి వస్తే చూపించాల్సింది వాళ్లే కదా. ఎవరైనా నన్ను ఏం పడదు అని అడిగితే "మందు పడదు" అనను, మందు పేరు, ఏ దారిలో (మాత్రగానా, నరంలోకా) ఇచ్చారు, ఎంతసేపటికి ఏమైంది, ఎన్ని అడ్రినలిన్ ఇంజెక్షన్లు పట్టాయి, ఈ నాలుగూ చెబుతాను. మత్తు డాక్టర్లు అడిగేది కూడా సరిగ్గా ఈ నాలుగే.